ఏ పనీ చెయ్యని మనిషి చేతిసంచి

నేను ఒక గోనెసంచిని అని చెప్పుకుంటే ఇప్పుడు మీరు నమ్మకపోవచ్చు. గోనెసంచి అంటే మీకు తెలిసింది బియ్యం కొట్లో మూల పడి ఉండేది, వానాకాలం గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునేది. నేనేమో ఒక వైద్య కళాశాల మ్యూజియంలో, గాజు పెట్టెలో, రెండు పొరల ప్లాస్టిక్ కవరులో, తాళం కింద కాపురం చేస్తున్నాను. తుడవడానికి వచ్చే ఆయా పెట్టెను తుడుస్తుంది గాని తెరవమన్నా తెరవదు. పక్క పెట్టెలో ఎవరి మూత్రపిండంలోంచో తీసిన రాయి ఉంది. అవతల సీసాలో ఎవరో చుట్టలాయన ఊపిరితిత్తి నల్లగా తేలుతూ ఉంటుంది. ఇంతటి పెద్దమనుషుల మధ్య నాకు చోటు ఊరికే దొరకలేదు. దాని వెనక ఒకావిడ చాకిరీ ఉంది. తాను చాకిరీ చేశానని నలుగురి చేత ఒప్పించేసరికే ఆవిడ ప్రాణం సగం పోయింది.

ముందు నా పుట్టుక చెప్తాను. మాది విజయనగరం వైపు గోగుచేను. ఆకు కోసి మీరు పచ్చడి నూరుకుంటారు, కాడ నీళ్లలో నానేసి నార తీస్తారు. గోంగూర పచ్చడితో అన్నం కలుపుకున్నప్పుడల్లా మా చుట్టాలనే తింటున్నారన్నమాట. నాకేం కోపం లేదు. మిల్లులో నన్ను నేసి, కుట్టి, కట్టలుగా కట్టి ఓడెక్కించారు. దిగిన దేశంలో చలికి నా పోగులు బిగుసుకుపోయాయి. అక్కడొక గనిలో రాయిని తవ్వి, దంచి, దూదిలా ఏకుతారు. రాయి దూది కావడం మీరు చూసి ఉండరు, నేను చూశాను. దాన్ని మనవాళ్లు రాతినార అంటారు. కాలదు, కుళ్లదు, చెదపట్టదు. గోగునారతో పుట్టినదాన్ని, నా కడుపు నిండా రాతినార కూరి, వీపు మీద నల్లసిరాతో ఇంగ్లీషులో ఏదో అచ్చు వేశారు. అచ్చు వేసినాయన ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. చలికి కాబోలు అనుకున్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనిషి మళ్లీ నాకు కనబడడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ దేశం వాళ్లది దొడ్డ మనసు. తమ పిల్లల బడుల్లోంచి ఆ నారను ఊడబీకి, కవర్లలో చుట్టి, ఊరి బయట పాతిపెట్టేవారు. కొత్తగా తవ్వినది మాత్రం వృథా పోనివ్వకుండా మనకు పంపించేవారు.

అలా తిరుగు ఓడలో వచ్చి కృష్ణ ఒడ్డున, బెజవాడకు కాస్త ఎగువనున్న ఒక రేకుల కంపెనీలో దిగాను. సిమెంటులో రాతినార కలిపి రేకులు పోసే కంపెనీ. మీ కోళ్ల షెడ్డు మీద, ఊరి బడి మీద, రైతుబజారు మీద ఉన్నవి ఆ రేకులే. అక్కడ సంచుల సెక్షన్‌లో కోటిలింగం అనే కుర్రాడు కత్తితో నా మూతి కోసి, నన్ను తలకిందులు చేసి, రెండు చెవులూ పట్టుకుని ఎగరేసి ఎగరేసి విదిలించాడు. లోపలున్నదంతా తొట్టిలో పడింది. కొంత గాల్లోకి లేచింది. కోటిలింగం తల, మీసం, కనురెప్పలు తెల్లబడ్డాయి. పెళ్లయి రెండేళ్లు తిరగని మనిషి ముసలాడైపోయి నవ్వుతున్నాడు. దుమ్ముకు విరుగుడుగా కంపెనీ వాళ్లు షిఫ్టు దిగేటప్పుడు ఒక్కొక్కడికీ బెల్లంముక్క ఇచ్చేవారు. గొంతులో దుమ్ము బెల్లంతో పాటు కడుపులోకి జారిపోతుందట. ఆ వైద్యం ఎవరు కనిపెట్టారో గాని చవకైన వైద్యం. కోటిలింగం దాన్ని చప్పరిస్తూ సైకిలెక్కి, కాలనీ మలుపు తిరిగేలోపు పూర్తి చేసేవాడు.

దసరాకు ఆయుధపూజ రోజున కార్మికులకు ఒక మిఠాయి పొట్లం, కొన్ని ఖాళీ సంచులు పంచేవారు. అలా నేను కోటిలింగం సైకిలు వెనక క్యారేజీ మీద ఎక్కి కంపెనీ కాలనీకి కాపరానికి వెళ్లాను. అతని భార్య నాంచారమ్మ గుమ్మంలో ఎదురొచ్చింది. మిఠాయి పొట్లం కంటే ముందు మమ్మల్నే చూసింది. సంచులంటే ఆడవాళ్లకు అంత ఇష్టం. ఒకటి గుమ్మం ముందు పట్టా అయింది. ఒకటి స్నానాలగదికి తెర అయింది. ఒకదాన్ని పాత చీరల మధ్య పెట్టి బొంత కుట్టి చంటిపిల్లను పడుకోబెట్టింది. నన్ను ప్రహరీకి వేసి చీపురుకట్టతో బాదింది. తెల్లటి మేఘం లేచింది. చంటిపిల్ల ఝాన్సీ అందులో కూర్చుని తుమ్మి, తుమ్మినందుకు తనే కిలకిలా నవ్వింది. తర్వాత నన్ను కత్తిరించి, మడిచి, చీర అంచులతో కాడలు పెట్టి చేతిసంచిగా కుట్టింది. అచ్చు ఉన్న వైపు పైకి పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలుంటే కొట్లో కొన్న సంచిలా ఉంటుందని.

ఆ కాలనీలో ఒక ఆచారం ఉండేది. షిఫ్టు దిగి వచ్చిన మగవాడు నేరుగా ఇంట్లోకి రాడు. వాకిట్లో నిలబడి రెండు చేతులూ బారజాపుతాడు. భార్య తువ్వాలు తీసుకొచ్చి తల దగ్గర మొదలుపెడుతుంది. మెడ, భుజాలు, చంకలు, వీపు, లాగు మడతలు, చివరికి పాదాలు. ఒక్కో దెబ్బకు ఒక్కో పొగ లేస్తుంది. దిగదుడుపు తీసినట్టే ఉంటుంది, కాకపోతే దిగదుడుపులో దిష్టి పోతుంది. ఎవరు ఎంతసేపు దులిపితే వాళ్లు అంత శ్రద్ధగల ఇల్లాలని కాలనీలో పేరు. సాయంత్రం పూట ఆ సందులో చేతులు చాపుకుని నిలబడ్డ మగవాళ్ల వరస చూస్తే ఎవరికీ నవ్వాగదు.

"ఏం నాంచారమ్మొదినా, అంత గట్టిగా బాదుతున్నావ్! పొద్దున ఏమన్నాడేంటి అన్నయ్య?" అనేది ఎదురింటి దీనమ్మ, తన మొగుడి వీపు వాయిస్తూ.

"కొట్టడానికి ఇదే అదను దీనమ్మా. గుమ్మం దాటి లోపలికొచ్చాక ఆయన దొర."

"మెల్లగా కొట్టవే, అది వీపు," అనేవాడు కోటిలింగం, చేతులు మాత్రం దించకుండా.

దులిపిన బట్టలు విప్పించి, తడిపేముందు వాటిని ఇంకోసారి విదిలించేది నాంచారమ్మ. నీళ్లు త్వరగా మురికవకుండా ఆ జాగ్రత్త. చాకిరేవు రాయి మీద బాదేది, పిండేది, ఆరేసేది. మర్నాటికి ఆ ఖాకీ బట్టలు మళ్లీ తెల్లబడి వచ్చేవి. ఇలా కోటిలింగం రిటైరయ్యేదాకా జరిగింది. కంపెనీ వాళ్లు శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపారు. నాంచారమ్మకేమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆవిడ పనిలో ఉంటేగా.

ఆ తర్వాత నా జీవితం హాయిగా గడిచింది. నేను సంతకు వెళ్లాను, రేషన్ కొట్టుకు వెళ్లాను, ఝాన్సీ పురుటికి పాతబట్టలు మోశాను. నా అచ్చు చాలావరకు చెరిగింది. నాంచారమ్మ జుట్టు నెరిసింది. మా ఇద్దరిలో ముందు చిరిగేది నేనేనని ఇద్దరమూ అనుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం ఆవిడ బిందెతో మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. "ఆయాసం," అంది. వీధి చివర ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు. గ్యాసు మందు తాగితే ఆయాసం పెరిగింది. కుడివైపు పడుకోలేకపోయింది. అన్నం వార్చడానికి గిన్నె వంచి, సగంలో ఆపి, గోడ పట్టుకుని నిలబడేది. బెజవాడలో చీరల కొట్లో పనిచేసే కూతురు ఝాన్సీ సెలవు పెట్టి వచ్చి ఒక పేరున్న ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి నుంచి నా ఉద్యోగం మొదలు. ఎక్స్‌రే ఫిల్ములు, ఫ్లాస్కు, పెరుగన్నం క్యారియరు, మంచినీళ్ల సీసా, దుప్పటి అన్నీ నాలోనే. మంచం పక్కనే, ఆవిడ చేతికందే చోట.

పెద్ద డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూశాడు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టింది. సూదితో తీశారు, పలచని టీ రంగులో సీసా నిండింది.

"ఈవిడ ఏం పని చేస్తుంది?" అన్నాడు డాక్టరు కాగితం మీద నుంచి తలెత్తకుండా.

"ఏం పనీ చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటది," అన్నాడు కోటిలింగం.

నాంచారమ్మ కూడా తలూపింది. నిజమే అనుకుంది కాబోలు. డాక్టరు టీబీ అన్నాడు. పని చెయ్యని ఆడమనిషి ఊపిరితిత్తుల్లో నీరు పడితే టీబీ కాక మరేమిటి? నెలల తరబడి ఎర్రమాత్రలు మింగించారు. ఒళ్లు చిక్కింది, నోరు చేదెక్కింది, మూత్రం నారింజరంగుకు తిరిగింది. నీరు మాత్రం చెప్పకుండా మళ్లీ వచ్చింది.

ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ టీబీ కాదన్నారు. కాన్సరే, కాని ఎక్కడో పుట్టి ఇక్కడికొచ్చిందన్నారు. ఎక్కడ పుట్టిందో వెతకడానికి ఆవిడ కడుపులోకి గొట్టం వేశారు, రొమ్ములు చూశారు, గర్భసంచి చూశారు. ఇంట్లో తాళంచెవి పోతే వెతికినట్టు అన్ని అరలూ తెరిచి చూశారు గాని ఎదురుగా ఉన్న బల్ల మీద చూడలేదు. అక్కడా అదే ప్రశ్న, అదే జవాబు. "ఏం పనీ చెయ్యదండీ." కుర్ర డాక్టరొకాయన గబగబా ఇంగ్లీషు మాట్లాడుతూ తన ఫైలు నా మీదే పెట్టి రాసుకున్నాడు. నా వీపు మీద మిగిలిన అక్షరాలు సరిగ్గా ఆయన మోచేతి కింద ఉన్నాయి. చదవగలిగినవాడే. గోనెసంచిని చదవాలని వాళ్ల చదువులో లేదు.

ఈలోగా ఆవిడ ముద్ద మింగి రెండో ముద్దకు ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది. ఏ జబ్బో తెలియకుండా ఏ మందు వెయ్యాలి? తెలిసేదాకా అది ఆగుతుందా? ఝాన్సీ రోజూ అదే బెంగతో తల్లి ముఖం చూసేది. చీరల కొట్టుకు వచ్చే ఒకావిడ డాక్టర్ నఫీసా పేరు చెప్పింది. వైద్య కళాశాలలో ఊపిరితిత్తుల డాక్టరు. గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటుంది, ఆవిడ మాత్రం తొందరపడదు. మొదట అలవాటు ప్రకారం అదే ప్రశ్న వేసింది. అలవాటు ప్రకారం కోటిలింగం అదే జవాబు చెప్పాడు.

"మీరేం చేసేవారు పెద్దాయనా?"

ఇన్నాళ్లకు తనను అడిగినవాళ్లు దొరికినందుకు కోటిలింగం కుర్చీలో సర్దుకున్నాడు. "రేకుల కంపెనీ మేడమ్. సంచుల సెక్షన్. రిటైరయ్యేదాకా ఒక్క రోజు సిక్ లీవు పెట్టలేదు. బీడీలు కూడా తాగుతా. నా ఛాతీ చూడండి, ఉక్కు."

డాక్టరు కలం ఆగింది. "రేకులంటే ఆస్‌బెస్టాస్ రేకులేనా?"

"అవే మేడమ్."

"ఈవిడ ఫ్యాక్టరీకి వచ్చేదా? క్యారియరు తేవడానికో, కూలికో?"

"గేటు కూడా చూడలేదు. చెప్పాగా, ఏం పనీ…"

"ఊరుకో!" అంది నాంచారమ్మ.

అంత ఆయాసంలో ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. కోటిలింగం అటు తిరిగాడు. ఝాన్సీ కూడా తల్లి వంక కొత్తగా చూసింది.

"ప్రతి డాక్టరు దగ్గరా అదే పాట. ఏం పనీ చెయ్యదు, ఏం పనీ చెయ్యదు. ఏమయ్యా, నీ ఒంటి మీద దుమ్ము ఎవరు దులిపారు? మీ అమ్మొచ్చి దులిపిందా? నీ చొక్కా నువ్వెప్పుడన్నా నీళ్లలో ముంచావా? నువ్వు షిఫ్టు దిగి కాళ్లు చాపుకుంటే నా షిఫ్టు మొదలయ్యేది. వాకిలంతా పిండి జల్లినట్టు తెల్లగా ఉండేది డాక్టరమ్మా. అదీ ఊడ్చేదాన్ని." ఆగి ఊపిరి తీసుకుంది. "దుమ్ముకు విరుగుడని బెల్లం ఇచ్చేవాళ్లు. ఆ బెల్లం ఈయన దారిలోనే తినేసొచ్చేవాడు. నాకు దుమ్ము తెచ్చిచ్చేవాడు."

"అమ్మా, ఇక చాలు, ఆయాసం వస్తది," అంది ఝాన్సీ.

"రానీయ్. ఇదిగో ఈ సంచి కూడా అక్కడిదే. ఇలాంటివన్నీ ఎవరు కుట్టారు, గాలికి కుట్టుకున్నాయా?"

ఆవిడ నన్నెత్తి డాక్టరు బల్ల మీద ఠపీమని పెట్టింది. నఫీసా కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. ప్రమాదం, పీల్చరాదు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు రెండు నా వీపు మీద ఇంకా మిగిలే ఉన్నాయి. ఆవిడ చదివింది. నా బతుకులో నన్ను చదివిన మొదటి మనిషి. చదవగానే ఏం చేసిందనుకున్నారు? కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకుంది. కిటికీ తీయించింది, ఫ్యాను ఆపించింది. నర్సును పిలిచి మాస్కు పెట్టుకుని రమ్మంది, చేతితొడుగులు తెమ్మంది. ఫ్లాస్కునూ క్యారియరునూ తడిగుడ్డతో తుడిచి వేరే కవరులో వేశారు. నన్ను రెండు కవర్లలో చుట్టి మూతి బిగించి అల్మారా పై అరలో పెట్టారు. నన్ను మంచం పక్కన పెట్టుకుని, తలగడగా కూడా వాడుకున్న మనిషి ఆ మర్యాదలన్నీ చూస్తూ కూర్చుంది.

"ఇదేంటి డాక్టరమ్మా, పామును పట్టినట్టు పడుతున్నారు?" అంది.

ఆ పై అర నుంచి నాకు గదంతా బాగా కనబడేది. మిగిలిన కథ అక్కడి నుంచి చూసిందీ, ఆ గదిలో చెప్పుకుంటే విన్నదీ.

పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం పెట్టి, కెమెరా దించి, ఊపిరితిత్తి మీది పొర ముక్క తీసి పరీక్షకు పంపారు. ఈసారి ఏం వెతకాలో రాసి పంపారు. దొరికింది. మీసోథీలియోమా అన్నారు. ఊపిరితిత్తిని కప్పి ఉండే పలచటి పొరకు వచ్చే కాన్సర్. పీల్చిన రాతినార సన్నటి సూదుల్లా అక్కడ గుచ్చుకుని దశాబ్దాల పాటు కదలకుండా కూర్చుంటుందట. కాలదు, కుళ్లదు, చెదపట్టదు అని ముందే చెప్పాను కదా. సిమెంటులో ఉన్నా ఒంట్లో ఉన్నా దాని గుణం అదే.

"ఎన్నాళ్లండీ?" అన్నాడు కోటిలింగం. మొదటిసారి అతని గొంతు చిన్నదైంది.

"ఒళ్లు నాది. నాకు చెప్పండి," అంది నాంచారమ్మ.

నఫీసా కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది. "మందు లేకపోతే ఏడాది దాటడం కష్టం అమ్మా. మందు వేస్తే ఏడాదిన్నర, రెండేళ్లు చూసేవాళ్లే ఎక్కువ. మీది ఇందులో కాస్త మెత్తని రకం, ఒకవైపే ఉంది. మందుకు తగ్గితే ఆపరేషన్ చేసి ఆ పొర ఒలిచేయొచ్చు. దాని తర్వాత ఇంకొన్నేళ్లు చూసినవాళ్లున్నారు. అందరూ కాదు. పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను. మళ్లీ రావచ్చు."

"ఒలవడమంటే? బత్తాయి తొన మీద పొర తీసినట్టా?"

"అలాగే. కాకపోతే ఈ తొన ఊపిరి తీసుకుంటూ ఉంటుంది."

"అయితే ఒలవండి."

సలహాలు చెప్పడానికి చుట్టాలు వచ్చారు. ఈ వయసులో కోతలెందుకన్నారు. వేపచిగురు తినమన్నారు. కాలనీలో మనిషి వచ్చి, పైవాడు రాసిన రాత అన్నాడు. కోటిలింగం అన్నకైతే ఏమీ రాలేదు కదా అని అందరూ ఆశ్చర్యపోయారు. అతని ఛాతీకీ తర్వాత ఫోటో తీశారు. ఉక్కు మీద అక్కడక్కడా మచ్చలున్నాయి. ఏటా చూపించుకోమన్నారు. అప్పటి నుంచి అతను ఉక్కు మాట ఎత్తలేదు.

నష్టపరిహారం అడగడానికి కంపెనీకి ఝాన్సీ వెళ్లింది. నాంచారమ్మ అనే పేరుతో తమ దగ్గర ఎప్పుడూ ఎవరూ పనిచెయ్యలేదని చెప్పారు. వాళ్లు అబద్ధం ఆడలేదు.

మందు మూడు వారాలకొకసారి సెలైన్‌లో ఎక్కించేవారు. దానికి ముందు నుంచే రోజూ ఒక చిన్న విటమిన్ మాత్ర తప్పకుండా వేసుకోవాలి. లేకపోతే మందు మనిషినే తింటుందన్నారు. ఆ మాత్ర ఇచ్చే పని కోటిలింగానికి అప్పగించారు. అతను మరిచిపోకుండా దాన్ని బీడీకట్టలో పెట్టుకున్నాడట. బీడీ కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా మాత్ర తగిలి భార్య గుర్తొచ్చేది. చివరికి మాత్రలే మిగిలాయి, బీడీలు పోయాయి. బట్టలు ఉతకడం కూడా నేర్చుకున్నాడు. సబ్బు ఎక్కువ, బాదడం తక్కువ.

"ఎట్లా ఉన్నాడు మీ కొత్త పనిమనిషి?" అని నఫీసా అడిగితే నాంచారమ్మ పెదవి విరిచేది.

"ఏం పని డాక్టరమ్మా. చొక్కా కాలరు కూడా తెలుపెక్కదు. జాకెట్టు ఆరేయమంటే వీధిలోకి అటూ ఇటూ చూసి దుప్పటి కింద ఆరేస్తాడు. దీనమ్మ చూస్తదని సిగ్గు."

అతను కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆవిడకు జుట్టు కాస్త పలచబడింది. వాంతులయ్యాయి, నోట్లో పుళ్లు పడ్డాయి. ఒకసారి, ఇక వద్దు, ఇంటికి తీసుకెళ్లమని ఝాన్సీ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఆ రోజు నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు. స్కాన్‌లో పొర పలచబడింది. ఆపరేషన్‌కు హైదరాబాదు పంపారు. తిరిగొచ్చినప్పుడు వీపు నుంచి రొమ్ము కింద దాకా కుట్ల గీత, చంక కింద గొట్టాలు తీసిన గుర్తులు. నడుస్తోంది. ఆగి, గోడ పట్టుకుని, మళ్లీ నడుస్తోంది.

"లోపల దులిపారు డాక్టరమ్మా," అంది కూర్చోగానే. "నేను అన్నేళ్లు దులిపింది మీరు ఒక్క రోజులో దులిపేశారు. ఇంక ఈయన్ని గుమ్మం బయటే నిలబెడతా."

ఆ తర్వాతే నన్ను ఈ మ్యూజియంకు మార్చారు. ఆవిడ రోగానికి కారణం చొక్కానా, సంచా, వాకిట్లో మట్టా అని నఫీసాను ఎవరో అడిగితే చెప్పలేనంది. నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను నేరం ఒప్పుకోను. ఒప్పుకోవలసింది తెలిసి చేసినవాళ్లు. నేనైతే విషయం నా వీపు మీద రాసుకునే తిరిగాను. ఇంతకంటే బహిరంగంగా ఏ సంచి ఉంటుంది?

మొన్న నాంచారమ్మ వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఇది మూడో వేసవి. ఏడాది దాటదన్న మనిషి మామిడికాయ కాలం మళ్లీ మళ్లీ చూసింది. అయితే ఈసారి స్కాన్‌లో ఊపిరితిత్తి అడుగున చిన్న నీడ కనబడిందట. మళ్లీ మందు మొదలుపెట్టాలి, ఈసారి వేరే రకం. మందు కోసం పై అంతస్తు వార్డుకు వెళ్లేముందు నన్ను చూస్తానని పట్టుబట్టి మెట్లు దిగి వచ్చింది. వెనక కోటిలింగం. భుజానికి కొత్త గుడ్డసంచి, అందులో ఫ్లాస్కు.

అదే సమయానికి నఫీసా కొంతమంది విద్యార్థులతో నా పెట్టె ముందు నిలబడి పాఠం చెబుతోంది. అందరి ముఖాలకూ మాస్కులు. కవర్లున్నాయి, గాజుంది, తాళముంది, అయినా మాస్కులు. మంచి అలవాటే.

నాంచారమ్మ గాజు మీద అరచెయ్యి పెట్టి నన్ను చూసింది. "నువ్వు ముందు పోతావనుకున్నా," అంది నాతో. "నిన్ను చూడు, మహారాణిలా ఉన్నావు."

ఒక విద్యార్థిని పెట్టె కింద అతికించిన చీటీ చదివింది. రేకుల కంపెనీ కార్మికుడి భార్య వాడిన సంచి అని ఉంది అందులో. ఆ పిల్ల వెనక్కి తిరిగి అడిగింది, మర్యాదగానే.

"మీరేనా అమ్మా? మీరేం పని చేసేవారు?"

గదిలో అందరి చూపూ అలవాటు ప్రకారం కోటిలింగం వైపు తిరిగింది. నాంచారమ్మ అతని వంక చూసింది.

"చెప్పు. నువ్వే చెప్పు," అంది.

కోటిలింగం భుజం మీద గుడ్డసంచి తీసి నేల మీద పెట్టాడు. చెప్పులు విప్పాడు, ఎందుకో మరి. నా పెట్టె ముందు, ఆ సీసాల మధ్య, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడి రెండు చేతులూ బారజాపాడు. దించలేదు.

నాంచారమ్మకు మొదట నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక పైటకొంగు చేతికి చుట్టుకుని దగ్గరికెళ్లింది. తల దగ్గర మొదలుపెట్టింది. మెడ, భుజాలు, చంకలు, వీపు. చెయ్యి దేన్నీ మరిచిపోలేదు. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. అతను కదలకుండా, చేతులు దించకుండా ఆవిడ తేరుకునేదాకా నిలబడ్డాడు. పాదాల దాకా వంగలేకపోయింది. "పాదాలు కూడా దులిపాననుకోండి," అంది పిల్లలతో.

ఆ చొక్కా మీద దుమ్ము లేదు. అతనే ఉతుక్కున్న చొక్కా. అయినా ఆవిడ మొదటి దెబ్బ వెయ్యగానే మాస్కులు పెట్టుకున్న పిల్లలందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆవిడ మాత్రం వెనక్కి అడుగు వెయ్యలేదు. దుమ్ముకు వెనక్కి తగ్గే అలవాటు ఆవిడకు ఎవరూ చెయ్యలేదు.